బొత్తాల డబ్బాలో ఐదు పట్టీలు

మా అమ్మాయి రాసిన ఐదు కాగితాల అడుగు భాగాలు నా బొత్తాల డబ్బాలో ఉండేవి. పైన బొత్తాలు, కింద కాగితపు పట్టీలు. వాటిని కోసింది నేనే. ఆ డబ్బా మూత తీసినప్పుడల్లా నా గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకునేది.

నేను ఏడో తరగతి దాకా చదివాను. బట్టలు సరిచేసే దుకాణంలో పని. కొత్తవి కుట్టడం కాదు. పొడవైన ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. మాకు ఒక్కతే కూతురు. రాజనీతి శాస్త్రంలో ఎమ్మే చేసి ఇప్పుడు పరిశోధన చేస్తోంది. ఎన్నికలు అయిపోయాక ఓటేసినవాళ్ళు ఏం చేస్తారన్నది దాని విషయం. ఏం చేస్తారు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు అని మా ఆయన మొదటి రోజే తేల్చేశారు. ఆ ఒక్క ముక్క రాయడానికి నాలుగేళ్ళు దేనికో ఆయనకి ఇప్పటికీ అంతు పట్టలేదు.

నా భయాల సంగతి ముందే చెప్పేయాలి. ఫోను మోగితే యాక్సిడెంటు అనుకుంటాను. మోగకపోతే ఫోను చేసే స్థితిలో కూడా లేరేమో అనుకుంటాను. తలుపు మెల్లగా తడితే ఎవరో చెడ్డ కబురు మోసుకొచ్చారని, గట్టిగా తడితే పోలీసులని. మా ఆయన నాకు 'వాతావరణ శాఖ' అని పేరు పెట్టారు. ఎప్పుడు చూసినా తుఫాను హెచ్చరికేనట. ఒక్కోసారి వానైనా పడుతుంది కదా అంటాను నేను.

ఈ భయం ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు మా నాన్న బట్టల మిల్లులో పని చేసేవాడు. మరుగుదొడ్లకు తలుపులు పెట్టించమని నలభై మంది కలిసి అర్జీ పెట్టుకున్నారు. అందరూ వేలిముద్రలు వేస్తే మా నాన్న ఒక్కడే గుండ్రంగా, ముచ్చటగా సంతకం చేశాడు. ఆ అర్జీ మీద చదవడానికి వీలైన పేరు అదొక్కటే. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాడు. అప్పటినుంచి ఏ కాగితం అడుగునైనా సంతకం కనిపిస్తే ముందు దాన్ని దాచేయాలనిపిస్తుంది.

మేముండే భవనంలో ఐదు అంతస్తులు, ఇరవై ఇళ్ళు, ఒక లిఫ్టు. కింద లిఫ్టు పక్కన ఆకుపచ్చ గుడ్డ బిగించిన నోటీసు బోర్డు ఉంది. కమిటీ ప్రెసిడెంటు గారు దానికి కొన్ని నియమాలు పెట్టారు. ఆయన సర్వే శాఖలో చేసి రిటైరైన మనిషి, దేన్నైనా కొలిచేదాకా ఊరుకోరు. ఇంటికి వారానికి ఒక్క కాగితం. ఆదివారం సాయంత్రం పెట్టి మళ్ళీ ఆదివారం తీసేయాలి. నాలుగు మూలలా నాలుగు పిన్నులు. అడుగున ఇంటి నంబరు, సంతకం తప్పనిసరి. మిగతావాళ్ళు పోయిన తాళంచెవుల గురించి, అమ్మేయాలనుకున్న సోఫాల గురించి రాసేవాళ్ళు. మా అమ్మాయి తన అభిప్రాయాలు రాయడం మొదలుపెట్టింది.

ఎదురుగా మనిషి నిలబడితే దానికి నోరు పెగలదు. లిఫ్టులో ఎవరైనా ఉంటే మెట్లెక్కి వస్తుంది. కాగితం చేతికిస్తే మాత్రం ఎవరినైనా కడిగేస్తుంది. దాని తీరు ఎప్పుడూ ఒకటే. ఒక చిన్న చిరాకుతో మొదలుపెడుతుంది, పేజీ అడుక్కి వచ్చేసరికి ప్రభుత్వం దాకా వెళ్ళిపోతుంది. వాళ్ళ డిపార్టుమెంటు ప్రింటరు ఎప్పుడూ పాడయ్యే ఉంటుంది (అదీ ఒక కాగితానికి సరిపడా చిరాకే). అందుకని చేత్తోనే రాసేది. ఒక్కటే ప్రతి.

మొదటి కాగితం బస్సుల మీద. స్టాపు దగ్గర నిలబడితే ముప్పై అడుగులు దాటించి ఆపుతారని, పరుగెత్తి వెళ్ళేసరికి తలుపు మూసేస్తారని. సోమవారం పొద్దున పనికి వెళ్తూ ఆగి చదివాను. నేను వేలు పెట్టి నిదానంగా చదువుతాను. పైభాగం చదివి నాలో నేనే నవ్వుకున్నాను. అడుగుభాగానికి వచ్చేసరికి 'రవాణా శాఖ', 'మంత్రి', 'ఎన్నికల ముందు చెప్పిన మాట' అని కనబడింది. దాని కింద మా ఇంటి నంబరు. దాని కింద మా అమ్మాయి సంతకం, అచ్చం వాళ్ళ తాత సంతకంలా గుండ్రంగా.

దాని ఫెలోషిప్పు ప్రతి ఏడూ కొనసాగాలంటే ప్రవర్తన బాగుందని ఎవరో రాసివ్వాలి. ఈ కాగితం ఆ ఎవరో కంట పడితే? ఇరవై ఇళ్ళలో ఎవరికి ఎవరు తెలుసో ఎవరు చూడొచ్చారు? డాక్టరు మెడలో గొట్టం ఉన్నట్టు నా సంచిలో కత్తెర ఎప్పుడూ ఉంటుంది. కింది రెండు పిన్నులు తీశాను. 'మంత్రి'కి పైనుంచి ఒక్క కోత. గీత గీయకుండా తిన్నగా కోయడం నా పనే కదా.

వెనక చీపురు చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే వాచ్‌మన్. మా అందరికంటే పెద్దవాడు, నేను అన్నయ్యా అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. నా చేతిలో పట్టీని చూశాడు, కత్తెరని చూశాడు. అటు తిరిగి గేటు వైపు ఊడ్చుకుంటూ పోయాడు. ఆ తర్వాతి సోమవారాల్లో నేను కిందికి దిగే వేళకి ఆయన గేటు బయటే ఉండేవాడు.

ఆ సాయంత్రమే మా అమ్మాయి చూసింది.

"ఎవరో ఎంత తిన్నగా కోశారో చూడమ్మా, ఒక్క వంకర లేదు."

"గాలికి చిరిగిందేమోనే."

"గాలి దగ్గర స్కేలుంటుందా?"

పోనీ ఇంకోసారి రాసి పెట్టమని వాళ్ళ నాన్న అన్నారు. అది ఒప్పుకోలేదు. కోసిన చోటు కూడా ఒక అభిప్రాయమేనట, అదీ అందరూ చూడాలట. అంత చదువుకుంటే అలాంటి మాటలొస్తాయి కాబోలు. నాకైతే బతికిపోయాననిపించింది. నువ్వు చదివావా అమ్మా అని అడిగింది. నాకవన్నీ ఎక్కడ అర్థమవుతాయే అన్నాను.

చదవకపోవడమేమిటి. తలుపేసుకుని ఆ పట్టీని రెండుసార్లు చదివాను. యాభై ఐదు నిమిషాల దారికి నలభై నిమిషాలు టైమిచ్చి, ఆలస్యమైతే డ్రైవర్ని నిలదీస్తున్నారని అందులో ఉంది. స్టాపులో సరిగ్గా ఆగాలంటే ముందు ఊపిరి తీసుకునే టైముండాలని, ఆ టైములు రాసినవాళ్ళు ఒక్కరోజు బస్సెక్కి చూడాలని, మా నాన్న డ్రైవరు కాబట్టి నాకు ఈ సంగతి తెలుసని. చదివి కళ్ళు తుడుచుకుని బొత్తాల కింద పెట్టాను.

మా ఆయన చదివింది పైభాగం ఒక్కటే. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఏం కావాలన్నా నాకు చెప్పేవారు, అది ఎదురుగా ఉన్నా సరే. "మీ అమ్మాయిని ఆ తువ్వాలు ఇలా ఇమ్మను." ఆయన అలక తీర్చే మందు డబ్బాలో ఉంది. తీసి ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు.

రెండో కాగితం మెట్ల మీద చెత్త సంచులు పెట్టే వాళ్ళ గురించి. మూడో అంతస్తులో ఒక నర్సు ఉంది, ఆ సంచులు ఆవిడవే. పైభాగం చదివిన ఆవిడ, అలాంటివి రాసేది ఒక్కతే కాబట్టి, మా అమ్మాయి కనబడితే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది. తప్పు ఆవిడది కాదని, చెత్త బండి అందరూ పనికి వెళ్ళాక పది గంటలకు వస్తుందని, ఆ వేళ వార్డు సమావేశంలో నిర్ణయించారని, మనలో ఒక్కరూ ఆ సమావేశానికి పోలేదని, వచ్చే నెల నేను వెళ్తున్నాను, ఎవరైనా వస్తారా అని అడుగుభాగంలో ఉంది. 'వార్డు సభ్యుడు' అనే మాట కనబడగానే నా కత్తెర లేచింది.

మూడోది ఆఫీసుల్లో ఒకే ఫారాన్ని మూడుసార్లు నింపమనడం మీద. నాలుగోది లైబ్రరీలో ఫోను స్పీకరు పెట్టి మాట్లాడేవాళ్ళ మీద. నాలుగోదాని చివర, "ఈ కాగితాలు కోస్తున్నవారు ఒకసారి మా ఇంటికి రండి. టీ తాగుతూ మాట్లాడుకుందాం" అని రాసింది. అదీ కోశాను. కోసింది నేను, టీ పెట్టాల్సిందీ నేనే.

కోసిన కాగితాల వల్ల నేను భయపడిందేదీ రాలేదు. నేను భయపడనిది వచ్చింది. కింది సగం పోయేసరికి మా అమ్మాయి అందరి మీదా ఊరికే విరుచుకుపడే మనిషిలా తేలింది. లిఫ్టు దగ్గర ఎవరో దాన్ని చిరాకు చిన్నమ్మ అనడం నా చెవినే పడింది. అది పాపం, నేను వాళ్ళ తరఫునే రాశాను కదమ్మా, ఎవరికీ నచ్చలేదేమిటి అని నన్నే అడిగింది. అయినా పట్టీలు బయటికి తీయలేదు. నచ్చకపోతే పోయిందేముంది, ఉద్యోగం పోతే కదా అనుకున్నాను.

ఐదో కాగితం లిఫ్టు మీద. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా లిఫ్టు ఆగిపోతుందని, అది కరెంటు పోయి కాదని, వాచ్‌మన్ స్విచ్చు ఆపేస్తున్నాడని, పై అంతస్తుల ముసలివాళ్ళు సామాన్లతో మెట్లెక్కలేక చస్తున్నారని పైభాగంలో ఉంది. అడుగుభాగంలో 'చట్టం', 'ఇన్‌స్పెక్టరు', 'ప్రెసిడెంటు' అని మూడు మాటలూ ఒకచోటే ఉన్నాయి. ఆ సోమవారం అలవాటు చొప్పున కోసేశాను.

గురువారం సాయంత్రం నేను దుకాణం నుంచి వచ్చేసరికి మా అమ్మాయి మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఒంట్లో బాలేదా అన్నాను, జ్వరమా అన్నాను, ఫెలోషిప్పు పోయిందా అన్నాను. అది తల అడ్డంగా ఊపి చెప్పింది. ప్రెసిడెంటు గారు వాచ్‌మన్ బల్ల సొరుగు తీస్తే పార్సిళ్ళ దారాలు కోసే కత్తెర దొరికిందట. తన మీద రాశారన్న కక్షతో వాచ్‌మనే కాగితం కోశాడని, వెనకటి నాలుగూ ఆయన పనేనని తేల్చారట. నువ్వేనా అని అడిగితే ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు, నేల చూస్తూ నిలబడ్డాడట. నోటీసు బోర్డు కమిటీ ఆస్తి కాబట్టి ఆదివారం మీటింగులో తీర్మానం చేసి ఇంకో మనిషిని పెట్టుకుంటారట.

"నేను ఆయన కోసం రాశానమ్మా. ఆయన ఉద్యోగమే పోతోంది."

ఇన్నాళ్ళూ ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తీరా పోతున్నది ఎవరి ఉద్యోగం? డబ్బా దగ్గరికి వెళ్ళి ఐదో పట్టీ తీసి మళ్ళీ చదివాను. చెప్పేస్తే మా అమ్మాయి నా మొహం చూడదు, పెట్టె సర్దుకుని హాస్టలుకు పోతుంది, దారిలో ఏదో అవుతుంది. చెప్పకపోతే ఆయన రోడ్డున పడతాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున దుకాణానికి అరగంట ముందే బయల్దేరి, డబ్బా సంచిలో వేసుకుని కిందికి దిగాను. వాచ్‌మన్ అన్నయ్య తన రెండో చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. రేపు ఏం జరిగేదీ ఆయనకి ముందే తెలుసు.

"నువ్వు కోయలేదని చెప్పొచ్చు కదా అన్నయ్యా."

"చెబితే మరెవరని అడుగుతారు చెల్లెమ్మా. అడిగితే నాకు అబద్ధం రాదు."

"అయితే నిజమే చెప్పు."

"నా పరువు కాపాడటానికి నువ్వు కోస్తే, నేను నీ పేరు చెప్పనా?"

నాకు అర్థం కాలేదు. ఆయన చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెడుతూ నిదానంగా చెప్పాడు. మా పిల్ల నోరు దురుసు అని ఆయన మొదటి నుంచీ అనుకుంటున్నాడట. ఎవరినో ఏదో అనరాని మాట రాసేస్తే, తల్లిని కాబట్టి నేను వచ్చి గుట్టుగా తీసేస్తున్నాననుకున్నాడట. తన మీద రాసినప్పుడూ అంతే. పైన ఉన్నదే అంత ఘాటుగా ఉంటే కింద ఇంకెంత ఉందో, అది ఇరవై ఇళ్ళవాళ్ళూ చదవకుండా చేశానని నాకు రుణపడిపోయాడట. ఆ రుణం తీర్చుకోవడానికి నోరు మూసుకున్నాడు.

నేను డబ్బా మూత లాగాను. సగం బొత్తాలు నేలపాలయ్యాయి. ఐదో పట్టీ తీసి చేతికిచ్చాను. కళ్ళజోడు పగిలి నెలైంది, నువ్వే చదివి పెట్టు అన్నాడు. వేలు పెట్టి చదివాను.

"కాని స్విచ్చు ఆపమన్నది కమిటీ తీర్మానం. ఆ తీర్మానానికి చెయ్యెత్తిన ప్రెసిడెంటు గారు మొదటి అంతస్తులో ఉంటారు, మిగతావాళ్ళు ఆ వేళ ఇళ్ళలో ఉండరు. తిట్లు మాత్రం వాచ్‌మన్ తింటాడు. పద్నాలుగు గంటలు నిలబడే మనిషికి ఇరవై ఇళ్ళవాళ్ళం ఒక కుర్చీ వేయలేదు. పని గంటలకు చట్టం ఉంది. అది చూడాల్సిన ఇన్‌స్పెక్టరు ఈ వైపు రాడు, రమ్మని మనం అడగం. ఓటేసి ఇంటికొచ్చాక మనం చేయాల్సిన పని ఇలాంటిదేనని నా అభిప్రాయం."

ఆయన సంచి పక్కన పెట్టాడు.

"ఆ కుర్చీ దగ్గర ఇంకోసారి చదువు."

చదివాను. ఆయన కింద కూర్చుని బొత్తాలు ఏరసాగాడు. నల్లవి ఒక చేతిలోకి, తెల్లవి ఒక చేతిలోకి. మా అమ్మాయి రోజూ తలొంచుకుని పలకరించకుండా పోతుంటే పొగరనుకున్నాడట. సిగ్గు అన్నయ్యా, నీకే కాదు, గోడకి కూడా సిగ్గుపడుతుంది అన్నాను. నా మీద కోపం రావట్లేదా అని అడిగాను. రావాలేమో, రావట్లేదు అన్నాడు.

"రేపు అందరి ముందూ చెప్తాను. కాని నాకు చచ్చేంత భయంగా ఉంది."

"భయమేస్తే నా పక్కన నిలబడు. నేనెలాగూ నిలబడే ఉంటాను కదా."

ఆదివారం పది గంటలకు కింద బళ్ళు పెట్టే చోట మీటింగు. మా దగ్గర పద్ధతి, ఎవరి కుర్చీ వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నేను కుట్టుమిషను ముందుండే కుర్చీ తెచ్చాను. మా ఆయన, మా అమ్మాయి వెనక వరసలో కూర్చున్నారు. నేను కుర్చీ మోసుకుంటూ వెళ్ళి వాచ్‌మన్ పక్కన పెట్టి, కూర్చోకుండా నిలబడ్డాను. ప్రెసిడెంటు గారు తీర్మానం చదవబోతూ కళ్ళజోడు కిందినుంచి నన్ను చూశారు.

"కోసింది నేను" అన్నాను.

అంతకంటే పెద్ద మాటలు నిద్ర లేకుండా తయారు చేసుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. వెనక ఎవరో నవ్వారు. ఎన్ని కోశారని ప్రెసిడెంటు గారు అడిగారు, ఐదు అన్నాను. ఎందుకని అడిగారు, అడుగున సంతకం ఉందని అన్నాను. అది నియమం కదమ్మా అన్నారు ఆయన అయోమయంగా. అవునండీ, అందుకే భయమేసిందండీ అన్నాను. డబ్బాలోంచి ఐదు పట్టీలూ తీసి చూపించాను. మా అమ్మాయి వైపు చూడలేదు. చూస్తే నోరు పడిపోతుందని తెలుసు.

అందులో ఏముందో చదవమన్నారు. ఐదోది మా అమ్మాయిని చదవమంటే అది కుర్చీలో ఇంకా ముడుచుకుపోయింది. అప్పుడు నేనే చదివాను. వేలు పెట్టి, అక్షరం అక్షరం, తీర్మానానికి చెయ్యెత్తిన ప్రెసిడెంటు గారు మొదటి అంతస్తులో ఉంటారన్న ముక్కతో సహా ఆయన మొహం మీదే. ఇన్నేళ్ళలో నేను నలుగురి ముందు చదివిన మొదటి మాటలు అవే. ఇప్పుడు ఎవరైనా వచ్చి పట్టుకుపోతే నన్నే పట్టుకుపోతారు అనుకున్నాను. ఆ ఆలోచనకి భయం వేయాల్సింది పోయి ఒళ్ళు తేలికైంది.

చదవడం అయింది. వాచ్‌మన్‌ని మార్చే తీర్మానం రద్దు అన్నారు ప్రెసిడెంటు గారు, కాగితం మీద అడ్డంగా గీత పెడుతూ. ఆ గీత స్కేలు పెట్టి మరీ గీశారు. మంచి మనిషి, తప్పును కూడా తిన్నగా కొట్టేస్తారు. అయితే కుర్చీ విషయం ఈ రోజు ఎజెండాలో లేదన్నారు. అప్పుడు మూడో అంతస్తు నర్సు లేచింది.

"లేకపోతే పెట్టండి సార్. ఈలోగా ఆయన్ని ఆ ఖాళీ కుర్చీలో కూర్చోమనండి."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను కుర్చీ జరిపాను. ఆయన అంచు మీద, మధ్యలో లేవాల్సి వస్తుందేమో అన్నట్టు కూర్చున్నాడు. మీటింగు అయ్యేదాకా లేవలేదు.

మా అమ్మాయి లిఫ్టు ఎక్కలేదు. మెట్లెక్కి పోతుంటే ఆయాసపడుతూ వెనకే వెళ్ళాను. నాలుగో అంతస్తు మలుపులో ఆగింది. నేను ఆగాను. రెండు మెట్ల తేడాలో ఇద్దరం గోడకి ఆనుకున్నాం.

"నాకు చాలా కోపంగా ఉందమ్మా."

"ఉండనీ."

"చాలా రోజులుంటుంది."

"ఉండనీ."

నేను అందించిన పట్టీలు అది తిప్పి తిప్పి చూసింది. అంచులు మాసిపోయి ఉన్నాయి, నేను వేలు పెట్టి చదివిన చోట్ల.

"నువ్వు నా రాతలు చదవవనుకున్నాను. అన్నీ చదివావా?"

"పైభాగాలు ఒకసారి. పట్టీలు రెండేసి సార్లు. ఐదోది లెక్కలేదు."

మొహం ఇంకా గంటు పెట్టుకునే ఉంది. నా వైపు చూడకుండా అడిగింది.

"బస్సులది ఎలా ఉంది?"

"అది మీ నాన్న చదివుంటే ఆ రెండు రోజులూ తన తువ్వాలు తనే తెచ్చుకునేవారు."

నవ్వకూడదని పెదవి బిగబట్టింది. అది నాకు చాలు.

ఆ మధ్యాహ్నం మా అమ్మాయి దాచిపెట్టిన పైకాగితాలు, పట్టీలు పక్కపక్కన పెట్టుకున్నాను. జిగురు పెడితే ముడతలు పడతాయి. సన్న సూది, తెల్ల దారం తీసుకుని ఐదింటినీ కుట్టాను, కాగితం చిరగకుండా ఎడం ఎడంగా. బట్ట మీద అయితే కుట్టు కనబడకపోవడం పనితనం. ఇక్కడ కనబడనిచ్చాను. ప్రెసిడెంటు గారు నియమం పక్కన పెట్టి ఆ వారం ఐదింటినీ ఒకేసారి పెట్టుకోనిచ్చారు. నర్సు రెండోదాని ముందు నిలబడి చదివి, పైకి వచ్చి మా తలుపు తట్టింది. మెల్లగానే తట్టింది, అయినా చెడ్డ కబురేమీ లేదు. వార్డు సమావేశం ఎన్ని గంటలకని అడగడానికి వచ్చింది. నాలుగో కాగితం చూశాను, టీ ఇస్తారట కదా అని కూడా అంది. మా ఆయన మొదటిదాన్ని ఎప్పుడు చదివారో నాకు తెలియదు. మర్నాడు డిపోలో అందరికీ చూపించాలని ఫోనులో ఫొటో తీసుకున్నారని మాత్రం తెలుసు. ఆ రాత్రి అన్నం తిన్నాక, "అమ్మడూ, యాభై ఐదు కాదు, ఒక్కోరోజు అరవై కూడా అవుతుంది" అని నేరుగా కూతురితోనే అన్నారు.

దాని కోపం అది చెప్పినట్టే చాలా రోజులుంది. హాస్టలుకు మాత్రం పోలేదు. చెత్త బండి ఇంకా పది గంటలకే వస్తోంది. సమావేశానికి మా అమ్మాయి, నర్సు ఇద్దరే వెళ్తే ఇద్దరి మాట ఎవరు వింటారు, వచ్చే నెల ఇంకో నలుగుర్ని తీసుకెళ్తారట. లిఫ్టు మధ్యాహ్నం అరగంటే ఆపుతున్నారు. కుర్చీ ఎజెండాలోకి వచ్చేదాకా నా కుర్చీ గేటు దగ్గరే ఉండిపోయింది, నేను పెట్టె మీద కూర్చుని కుట్టాను. ఫెలోషిప్పు కాగితం కూడా వచ్చింది, ప్రవర్తన బాగుందని ఎవరో రాసిచ్చారు. ఆ ఎవరో ఎవరోగాని, చల్లగా ఉండాలి.

నా భయాలు తగ్గాయని చెప్పను. ఫోను మోగితే ఇప్పటికీ ముందు గుండె జారుతుంది. కాని ఒకటి మాత్రం తెలిసింది. నేను భయంతో చేసిన పనిని ఒక మనిషి ప్రేమ అనుకుని, దాని కోసం తన బతుకుతెరువు వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. అంతటి మనిషి రోజూ గేటు దగ్గర ఉండే ఇంట్లో నేను ఉంటున్నాను. మిల్లు గేటు దగ్గర మా నాన్న పక్కన అలా ఒక్కరు నిలబడి ఉంటే ఎలా ఉండేదో అని ఒక్కోసారి అనుకుంటాను.

మొన్న ఆదివారం మా అమ్మాయి ఆరో కాగితం రాసింది. బట్టల దుకాణాల్లో సైజుల గురించి. నాకు తెలిసిన సంగతులు కొన్ని అడిగి మరీ రాసింది. అడుగున ఎవరెవరి పేర్లో ఉన్నాయి, చూడగానే నా చెయ్యి కత్తెర కోసం వెతికింది. దాన్ని పట్టుకుని ఇద్దరం కిందికి దిగాం. పై పిన్నులు అది గుచ్చింది. అన్నయ్య కుర్చీలోంచే, "చెల్లెమ్మా, కింది మూలలు ఎగురుతున్నాయి" అన్నాడు.

కింది రెండు పిన్నులూ నేను గుచ్చాను.